బడిలో టీచర్ కొడితే, అవమానిస్తే తల్లిదండ్రులు ఏం చేయాలి

అరచేతులు వాచి బడి నుంచి వచ్చిన బిడ్డను చాలా ఇళ్లలో అడిగే మొదటి ప్రశ్న ‘నువ్వేం చేశావు?’ ఆ ఒక్క ప్రశ్నతో బిడ్డ నోరు మూతపడుతుంది. రెండోసారి దెబ్బ తిన్నప్పుడు ఇంట్లో చెప్పడు. మూడోసారి చొక్కా చేతులు కిందికి లాక్కుని దాచుకుంటాడు. ఇక్కడ చట్టాల గురించి, దరఖాస్తుల గురించి, అధికారుల గురించి చాలా చెప్పాల్సి ఉంది. వాటన్నిటికంటే ముందు జరగాల్సినవి రెండు: బిడ్డ మీతో చెప్పగలగాలి, చెప్పింది కాగితం మీదికి రావాలి. ఈ రెండూ ఉంటే మిగతా పని ఆలస్యంగానైనా సాగుతుంది. లేకపోతే ఎంత గట్టి చట్టమైనా మీకు అక్కరకు రాదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ‘సార్, రెండు తగిలించండి, అప్పుడు గానీ దారికి రాడు’ అని తల్లిదండ్రుల సమావేశంలో టీచర్‌కు చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ‘దండం దశగుణం భవేత్’ అనే మాట మన ఇళ్లలో ఇంకా చలామణిలోనే ఉంది. మీరు ఎప్పుడైనా అలా అని ఉంటే, రేపే వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోండి. తల్లిదండ్రుల అనుమతి ఉన్నా కొట్టే హక్కు టీచర్‌కు రాదు. కానీ ఆ అనుమతి కొట్టే చేతికి ధైర్యాన్నిస్తుంది, దెబ్బ తినే బిడ్డకు ఇంటి తలుపు మూసేస్తుంది.

ఏది తప్పు, ఏది కాదు

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దానిలోని 17వ సెక్షన్ ఏ బిడ్డనూ శారీరకంగా శిక్షించకూడదని, మానసికంగా వేధించకూడదని సూటిగా చెబుతుంది. ఉల్లంఘించిన టీచర్‌పై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి. ఇది ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ ఒకేలా వర్తిస్తుంది. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కాబట్టి, తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లల విషయంలో కొందరు యాజమాన్యాలు ‘అది మాకు వర్తించదు’ అంటాయి. ఆ మాట నమ్మకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లోనే విద్యా నిబంధనలను సవరించి విద్యాసంస్థల్లో శారీరక దండనను నిషేధించింది. దానికి తోడు, గాయపరచడాన్ని నేరంగా చూసే సాధారణ శిక్షా చట్టం ఎటూ ఉంది, అది వయసు చూడదు.

శారీరక దండన అంటే బెత్తం ఒక్కటే కాదు. స్కేలు అంచుతో, డస్టర్‌తో వేళ్ల కణుపుల మీద కొట్టడం, మొట్టికాయలు, చెంపదెబ్బలు, చెవి మెలిపెట్టడం, తొడపాశం, జుట్టు పట్టి లాగడం, గుంజీళ్లు తీయించడం, గోడకుర్చీ వేయించడం, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం, మూత్రానికి వెళ్లనివ్వకపోవడం, అన్నీ అదే కోవలోకి వస్తాయి. కులం పేరుతోనో, రంగును బట్టో, తండ్రి చేసే పనిని బట్టో ఎగతాళి చేయడం, మార్కులు తక్కువని తరగతి ముందు నిలబెట్టి నవ్వించడం, ఫీజు కట్టలేదని బయట కూర్చోబెట్టడం, జుట్టు పెరిగిందని అందరి ముందు కత్తిరించడం మానసిక వేధింపు కిందికి వస్తాయి. కొన్ని పనులు కొందరు పిల్లలతోనే చేయించడం, మధ్యాహ్న భోజనంలో వేరుగా కూర్చోబెట్టడం వివక్ష. అది కులాన్ని బట్టి జరిగితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా రంగంలోకి వస్తుంది.

గట్టిగా మందలించడం, చేయని హోంవర్క్ మళ్లీ చేయించడం, అల్లరి చేసే ఇద్దరిని విడదీసి కూర్చోబెట్టడం, తల్లిదండ్రులను పిలిపించడం వంటివి టీచర్ చేయదగిన పనులే. యాభై అరవై మంది పిల్లలను ఒక్కరే అదుపులో పెట్టాల్సిన తరగతులు మన బడుల్లో చాలా ఉన్నాయి. ఒక మాట పెద్దగా అన్నారని ఫిర్యాదుకు బయలుదేరితే, నిజంగా దెబ్బలు తిన్న పిల్లల ఫిర్యాదు కూడా పలచబడుతుంది.

అయినా దెబ్బలు మన దగ్గర ఎంత మామూలో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలను ఏళ్ల తరబడి గమనించింది. 2009లో వారిలో ఎనిమిదేళ్ల పిల్లలను అడిగితే, గడిచిన వారంలో టీచర్ చేతిలో దెబ్బలు తిన్నామన్నవారు 78 శాతం.

చెప్పకపోయినా కనిపించేవి

పిల్లలు నోటితో చెప్పకముందే చాలాసార్లు సామాన్ల ద్వారా చెబుతారు. మంచినీళ్ల సీసా రోజూ నిండుగా తిరిగి వస్తుంటే ఆలోచించండి. మూత్రానికి వెళ్లనివ్వని తరగతిలో పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, నీళ్లు తాగడమే మానేస్తారు. కుడిచేతి వేళ్లకు దెబ్బ తగిలిన బిడ్డ ఆ రాత్రి చెంచాతో తింటానంటాడు, పెన్ను వేరేలా పట్టుకుంటాడు. తొడపాశం గుర్తులు నిక్కరు కింద, లంగా కింద ఉండిపోతాయి. ఆదివారం తలంటు పోసేటప్పుడు గానీ కనబడవు. చిన్నప్పటి నుంచి అమ్మ చేత స్నానం చేయించుకునే బిడ్డ ఒక్కసారిగా ‘నేనే చేసుకుంటా’ అంటే, పెద్దయ్యాడని మురిసిపోయే ముందు ఒకసారి ఒళ్లు చూడండి.

ఒకే సబ్జెక్టు ఉన్న రోజుల్లోనే కడుపునొప్పి రావడం, ఆదివారం సాయంత్రం నుంచే ముఖం వాడిపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బొమ్మలనో తమ్ముడినో టీచర్‌లా తిట్టి కొడుతూ ఆడుకోవడం కూడా ఆనవాళ్లే. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. కూర్చుని మాట్లాడాల్సిన సమయం వచ్చిందని మాత్రం చెబుతాయి.

బిడ్డతో ఎలా మాట్లాడాలి

ఈ పని తొందరలో కాదు. టీవీ ఆపి, ఫోను పక్కన పెట్టి, ఇంకో పెద్దమనిషి మధ్యలో దూరకుండా చూసుకుని కూర్చోండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే పిల్లలు బిగుసుకుపోతారు. చిక్కుడుకాయలు తుంచుతూనో, బండి మీద వెళ్తూనో, పక్క వేస్తూనో అడిగితే మాట తేలిగ్గా వస్తుంది.

‘ఈరోజు బడిలో ఏం జరిగింది?’, ‘తర్వాత?’, ‘అప్పుడు నీకెలా అనిపించింది?’ ఇంతవరకే అడగండి. ‘లెక్కల సార్ కొట్టారా? కర్రతోనా?’ అని జవాబును మీరే నోట్లో పెట్టకండి. రేపు విచారణలో ‘తల్లి చెప్పించింది’ అనే మాట పుట్టేది ఇక్కడే. చిన్నపిల్లలు మనల్ని సంతోషపెట్టడానికి ఔనంటారు, మనం కోప్పడతామేమోనని కాదంటారు. అందుకే మీ ముఖంలో కోపం కనబడకూడదు. ‘వాడి సంగతి రేపు తేలుస్తా’ అన్నారంటే బిడ్డ అక్కడితో ఆగిపోతాడు. మీ వల్ల పెద్ద గొడవ అవుతుందని, బడిలో తనను ఇంకా సాధిస్తారని భయపడతాడు.

తప్పు చేశానని బిడ్డే ఒప్పుకుంటే? హోంవర్క్ చేయలేదు, పక్కవాడిని గిల్లాడు, అబద్ధం చెప్పాడు. ‘అది తప్పే, దాని గురించి మనం మాట్లాడుకుందాం. కానీ నిన్ను కొట్టడం సరికాదు’ అని రెండూ విడదీసి చెప్పండి. చివరగా మూడు మాటలు: ‘నాకు చెప్పి మంచి పని చేశావు. నేను నమ్ముతున్నాను. నీకు చెప్పకుండా ఏమీ చేయను.’ మూడోది నిలబెట్టుకోండి. బడికి వెళ్లే ముందు రాత్రి ‘రేపు హెడ్మాస్టర్ గారితో మాట్లాడబోతున్నాను, ఇలా అడుగుతాను’ అని బిడ్డకు చెప్పి వెళ్లండి.

చచ్చిపోవాలనిపిస్తోందని బిడ్డ ఏ రూపంలో అన్నా, నవ్వుతూ అన్నా, తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఫిర్యాదు సంగతి ఆ తర్వాత.

ఆధారాలు ఆ రోజే

కమిలిన గాయం రంగు మారిపోతుంది, వాపు దిగిపోతుంది. అందువల్ల ఫొటోలు అదే రోజు పగటి వెలుతురులో తీయండి. ఒకటి కాస్త దూరం నుంచి, గాయం ఎవరిదో తెలిసేలా ముఖంతో సహా. ఇంకొకటి దగ్గర నుంచి, పక్కన రూపాయి నాణెం పెట్టి, గాయం ఎంత పెద్దదో తెలిసేలా. మర్నాడు, ఆ మర్నాడు కూడా తీయండి. ఎర్రగా ఉన్నది నీలమై, తర్వాత పసుపుపచ్చగా మారుతుంది. ఆ వరుస ఫొటోలు గాయం ఎప్పటిదో చెబుతాయి. రంగులు దిద్దకండి, అసలు ఫైలు ఫోనులోనే ఉంచి ఒక నకలు వేరే చోట దాచండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో నాణ్యతా తగ్గుతుంది, తీసిన తేదీ సమయాల వివరాలూ పోతాయి.

గాయం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ‘కిందపడ్డాడు’ అని చెప్పకండి. బడిని కాపాడాలని కొందరు, పోలీసు గొడవ ఎందుకని కొందరు అలా చెప్పేస్తారు. ఆ చీటీలో ఒకసారి అలా రాశారంటే తర్వాత ఎవరూ మార్చలేరు. జరిగింది జరిగినట్టు చెప్పి, ‘బడిలో టీచర్ కొట్టడం వల్ల’ అని రాయించండి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు కూడా తెలియజేసే కేసుగా, నమోదు చేయమని అడగవచ్చు. చెంపదెబ్బ చెవి మీద తగిలితే వినికిడి పరీక్ష తప్పనిసరి. పైకి ఏమీ కనిపించకపోయినా కర్ణభేరి చిరిగే ప్రమాదం ఉంటుంది.

ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, వారం, పీరియడు, ఎవరు, దేనితో, ఎక్కడ, ఎవరెవరు చూశారు, బిడ్డ ఏ మాటల్లో చెప్పాడు, అన్నీ అందులో రాయండి. బిడ్డ మాటలను మీ మాటల్లోకి మార్చకండి. ‘నన్ను కుక్కా అన్నాడు’ అంటే అలాగే రాయండి, ‘దూషించాడు’ అని రాయకండి.

వీడియో తీసి ఊరంతా పంపడం మాత్రం చేయకండి. నేరానికి గురైన బిడ్డ పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం ప్రకారం శిక్షార్హం. దాని వల్ల రేపు బాధపడేది మీ బిడ్డే. పదిమందిని వెంటేసుకుని వెళ్లి టీచర్‌కు దేహశుద్ధి చేయడం ఇంకా పెద్ద పొరపాటు. ఆ క్షణం నుంచి కేసు మీ మీద నడుస్తుంది, బిడ్డకు తగిలిన దెబ్బ ఊసే ఉండదు.

బడిలో మాట్లాడటం

ప్రాణాపాయం, తీవ్ర గాయం, లైంగిక వేధింపు కానప్పుడు మొదట బడిలోనే మాట్లాడటం మేలు. నేరుగా తరగతి గదిలోకి వెళ్లకండి. ప్రధానోపాధ్యాయులను లేదా ప్రిన్సిపాల్‌ను సమయం అడిగి, ఇంట్లో ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లండి. చేతిలో రాతపూర్వక ఫిర్యాదు రెండు నకళ్లు ఉండాలి. నోటిమాట ఎంత మర్యాదగా సాగినా, రెండు నెలల తర్వాత ‘మీరు అసలు రానేలేదు’ అనగలరు. ఫిర్యాదు ఇలా ఉంటే చాలు:

‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల గారికి, మీ పాఠశాలలో 6వ తరగతి బి సెక్షన్ చదువుతున్న మా అబ్బాయిని ఈ నెల 12వ తేదీ మూడో పీరియడ్‌లో గణితం ఉపాధ్యాయులు చెక్క స్కేలుతో ఎడమచేతి వేళ్ల మీద నాలుగు దెబ్బలు కొట్టారని మా అబ్బాయి చెప్పాడు. అదే సాయంత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాం. చీటీ నకలు, ఫొటోలు జతచేశాం. దీనిపై విచారణ జరిపి, తీసుకున్న చర్యను ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. మేము లేకుండా మా అబ్బాయిని ఒంటరిగా పిలిచి ప్రశ్నించవద్దని, ఈ ఫిర్యాదు కారణంగా అతనిపై కక్ష సాధింపు జరగకుండా చూడాలని కోరుతున్నాం.’

‘అబ్బాయి చెప్పాడు’ అని రాయడం గమనించండి. మీరు చూడనిదాన్ని చూసినట్టు రాయకూడదు. విశేషణాలు వద్దు. ‘రాక్షసుడిలా’ అని రాసిన కాగితం కంటే ‘నాలుగు దెబ్బలు, ఎడమచేతి వేళ్ల మీద’ అని రాసిన కాగితమే విచారణలో నిలుస్తుంది. రెండో నకలు మీద తేదీతో సంతకం, బడి ముద్ర తీసుకోండి. ఇవ్వనంటే అక్కడ వాదించకండి. అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు జాగ్రత్త చేయండి.

టీచర్ చెప్పేది కూడా వినండి. కొన్నిసార్లు నిజాయితీగా తప్పు ఒప్పుకుంటారు. అప్పుడు ఏం అడగాలి? నా ఉద్దేశంలో అవమానం ఎక్కడ జరిగిందో క్షమాపణ కూడా అక్కడే జరగాలి. తరగతి ముందు కొట్టి, ఆఫీసు గదిలో తల్లిదండ్రులకు ‘సారీ’ చెబితే బిడ్డకు దక్కేదేమీ లేదు. ‘నిన్న నేను కొట్టడం తప్పు’ అని అదే తరగతిలో టీచర్ ఒక్క మాట అంటే, ఆ గదిలోని పిల్లలందరికీ రక్షణ దొరుకుతుంది. బిడ్డ దీనికి ఇష్టపడితేనే అడగండి.

ప్రభుత్వ బడి అయితే పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. తర్వాతి సమావేశంలో మీ ఫిర్యాదును చర్చకు పెట్టి తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు ఈ కమిటీ నిబంధన లేదు. అక్కడ అదే తరగతి పిల్లల తల్లిదండ్రులు ముగ్గురు నలుగురు కలిసి సంతకం చేసిన కాగితానికి ఎక్కువ బలం ఉంటుంది. ఒక్కరిని కొట్టే టీచర్ సాధారణంగా ఒక్కరితో ఆగరు.

బడి కదలకపోతే

ఏడు రోజులు గడిచినా జవాబు రాకపోతే మండల విద్యాధికారికి, ఒక నకలు జిల్లా విద్యాధికారికి పంపండి. ప్రైవేటు బడి గుర్తింపు కూడా విద్యాశాఖ చేతిలోనే ఉంటుంది కాబట్టి ‘మేం ప్రైవేటు’ అన్న మాట ఇక్కడ చెల్లదు. సీబీఎస్‌ఈ బడి అయితే ఆ బోర్డుకు కూడా ఒక నకలు వేయండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది, ఆ నంబరు కిందిస్థాయి అధికారి మీద ఒత్తిడి తెస్తుంది.

విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు (పంచాయతీ, మున్సిపాలిటీ వంటివి) ఫిర్యాదు చేస్తే ఇరుపక్షాలనూ విని మూడు నెలల్లో తేల్చాలి. తేల్చినదానితో తృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కమిషన్‌కు నేరుగా కూడా ఫిర్యాదు పంపవచ్చు.

ఈ తిరుగుడు తిరగలేనివారికి, పగలు కూలి మానుకుంటే పొయ్యి వెలగనివారికి, 1098 ఉంది. పిల్లల సహాయవాణి, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మీరే కాదు, పక్కింటివారు, బడిలో పనిచేసే ఆయా, చివరికి దెబ్బ తిన్న బిడ్డ కూడా చేయవచ్చు. పెద్దపిల్లలకు ఆ నాలుగు అంకెలూ కంఠతా నేర్పండి. కాగితాలు రాయించుకోవడానికి, కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే లాయరు కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. పిల్లలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఫోను నంబరు 15100.

ఫిర్యాదు ఇచ్చి నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ‘నా ఫిర్యాదుపై తీసుకున్న చర్య ఏమిటి, విచారణ నివేదిక నకలు ఇవ్వండి’ అని జిల్లా విద్యాధికారి కార్యాలయంలో దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

పోలీసుల దగ్గరకు ఎప్పుడు

ఎముక విరిగినా, చూపు, వినికిడి దెబ్బతిన్నా, కర్ర, ఇనుప వస్తువు వంటి వాటితో గాయపరిచినా, బిడ్డ స్పృహ తప్పినా బడి విచారణ కోసం ఆగవద్దు. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. తీవ్ర గాయం కలిగించిన వారికి అందులో ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. పిల్లలను తమ సంరక్షణలో ఉంచుకుని క్రూరంగా ప్రవర్తించేవారికి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది. ఏ సెక్షన్ పెట్టాలో మీరు రాయనక్కరలేదు, జరిగింది రాయండి. ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ‘మా పరిధి కాదు’ అనకూడదు. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్నే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

గాయం చిన్నదైతే మేజిస్ట్రేట్ ఆదేశం లేనిదే దర్యాప్తు చేయలేమని పోలీసులు అంటారు. అది చాలాసార్లు నిజమే. ఒకటి రెండు దెబ్బల కేసుల్లో టీచర్‌కు దురుద్దేశం లేదని హైకోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే చిన్న గాయాల్లో శాఖాపరమైన ఫిర్యాదును గట్టిగా పట్టుకోవడమే త్వరగా ఫలితమిచ్చే దారి అని నేను నమ్ముతాను.

లైంగిక వేధింపు అయితే దారి వేరు

ఇక్కడ బడితో ముందుగా మాట్లాడటం, ఊరి పెద్దల పంచాయితీ, రాజీ అనేవి లేనే లేవు. టీచర్ తాకకూడని చోట తాకినా, అసభ్యమైన బొమ్మలు చూపినా, మాటలన్నా, ఫోనులో సందేశాలు పంపినా పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. మగపిల్లలకు కూడా వర్తిస్తుంది, ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. విద్యాసంస్థలో పనిచేసేవారే నేరానికి పాల్పడితే శిక్ష మరింత ఎక్కువ. విషయం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ దాచిన ప్రిన్సిపాల్‌కు లేదా యాజమాన్యానికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ‘బడి పరువు పోతుంది, లోలోపల చూసుకుంటాం’ అని ఎవరైనా మీతో అంటే ఈ ఒక్క వాక్యం వాళ్లకు వినిపించండి.

బిడ్డను పదే పదే అడగకండి. మీకు ఒకసారి చెప్పింది చాలు. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ సంచి వద్దు. వైద్య పరీక్షకు ముందు స్నానం చేయించకపోతే మంచిది. చేయించేసినా, రోజులు గడిచిపోయినా ఫిర్యాదు చెల్లుతుంది, వెనక్కి తగ్గకండి. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే, లేదా బిడ్డకు ఇష్టమైన చోట తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్‌ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు పరీక్ష మహిళా డాక్టరే చేయాలి, పక్కన మీరు ఉండవచ్చు. వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం ఒకే చోట జరిగేలా తెలంగాణలో భరోసా కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక కోర్టు తీర్పు కోసం ఆగకుండానే మధ్యంతర పరిహారం అడిగే వీలుంది. ఇది పోలీసులు చెప్పకపోతే మీరే అడగండి.

హాస్టళ్లు, గురుకులాలు, కార్పొరేట్ కాలేజీలు

ఇంటికి రాని బిడ్డ విషయంలో పైన చెప్పిన ఆనవాళ్లేవీ మీకు కనబడవు. ఫోను మాట్లాడేటప్పుడు వార్డెన్ పక్కనే ఉంటారు. కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడే ఒక మామూలు మాట గుర్తుగా పెట్టుకోండి. ‘నానమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా?’ అని బిడ్డ అడిగితే ‘నాకు ఇక్కడ బాగాలేదు, రండి’ అని అర్థం. ఆ మాట వినబడిన వెంటనే వెళ్లండి. సంక్రాంతి, దసరా సెలవులు ముగిసి తిరిగి పంపేటప్పుడు బిడ్డ వణికితే ‘అలవాటు పడతాడులే’ అని బస్సెక్కించకండి. గురుకులంలో వార్డెన్, ప్రిన్సిపాల్ వినకపోతే ఆ గురుకుల సొసైటీ కార్యదర్శికి రాయాలి. కస్తూర్బా విద్యాలయం అయితే జిల్లా విద్యాధికారికి.

ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల సంగతి మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు సిగ్గుపడేలా చేయడం మానుకోవాలని అందులో ఉంది. అడ్మిషన్ తీసుకునే రోజే ‘మీ కౌన్సెలర్ ఎవరు, ఎప్పుడు ఉంటారు, నేను కలవవచ్చా?’ అని అడగండి. ఫీజు కట్టకముందు అడిగిన ప్రశ్నకే ఈ సంస్థలు సరైన జవాబిస్తాయి.

ఫిర్యాదు తర్వాత

ఎక్కువమంది తల్లిదండ్రులు ఇక్కడే అలిసిపోతారు, కక్ష సాధింపు మొదలయ్యేదీ ఇక్కడే. అది దెబ్బల రూపంలో రాదు. నోటుబుక్కు దిద్దకపోవడం, ప్రశ్న అడిగితే జవాబివ్వకపోవడం, ఇంటర్నల్ మార్కులు తగ్గించడం, ‘వీళ్ల నాన్న లాయరట, జాగ్రత్త’ అని తరగతిలో అనడం ఇలా ఉంటుంది. నోటుపుస్తకంలో రాయడం ఆపకండి. పాత మార్కుల కాగితాలు దాచండి. సెక్షన్ మార్చమని రాతపూర్వకంగా అడగండి. మారాల్సింది టీచరే గానీ బిడ్డ కాదు అనే పట్టుదల న్యాయమైనదే. కానీ రోజూ ఆ గదిలో కూర్చోవాల్సింది బిడ్డ కాబట్టి ఆ నిర్ణయంలో బిడ్డ మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి.

కేసు వెనక్కి తీసుకోమని ఒత్తిడి వస్తే, డబ్బు ఇస్తామంటే, ఎవరు, ఎప్పుడు, ఏం అన్నారో అదే పుస్తకంలో రాసి విచారణ అధికారికి ఇవ్వండి.

బడి మార్చాలని నిశ్చయించుకుంటే టీసీ కోసం లొంగకండి. ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ బడికి మారే పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలని, అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకపోవడం కుదరదని విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు బిడ్డను బడి నుంచి తీసేయడం కూడా చట్టవిరుద్ధం. బడి మారినంత మాత్రాన ఫిర్యాదు ముగిసిపోదు. పాత తరగతిలో అదే టీచర్ ముందు ఇంకా నలభై మంది కూర్చుని ఉంటారు, విచారణ పూర్తయ్యేదాకా మీ కాగితాన్ని నడుపుతూనే ఉండండి.